తెర చూడలేని మనిషికి ఆ లోకంలో ఏం పని?

ఏలూరు జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన ఉత్తరం. పేరు వద్దన్నారు. కొంత కుదించి ఇస్తున్నాను.

“నాకు నలభై ఒకటి, మావారికి నలభై ఆరు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల ఆయనకు ముందు రేచీకటి వచ్చింది, తర్వాత పక్కచూపు పోయింది. ఐదేళ్ళ కిందట లెక్కలు రాసే ఉద్యోగం మానేశారు. ఇప్పుడు వెలుతురు మాత్రం తెలుస్తుంది. తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడడం నేర్చుకుంటే సంతోషించాను. ఇప్పుడేమో రోజూ రాత్రి పదింటికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలోకి వెళ్తే ఒంటిగంట దాకా లేవరు. అది బొమ్మల లోకమట. బొమ్మ కనిపించని మనిషికి అక్కడేం పని? అక్కడ ఆయన పేరు వేరు, రూపం పాతికేళ్ళ కుర్రాడిది. తెలుగువాళ్ళు వస్తే కూర్చోవడానికి ఏదో అరుగు కడుతున్నారట, దానికి ప్రోగ్రాములు రాస్తారట. మాతో మాటలు మాత్రం అన్నం, మందుల దగ్గరే ఆగిపోతాయి. ఒకరోజు వెనక నిలబడి తెర మీద చదివాను. ఆయన ప్రొఫైల్‌లో పార్ట్‌నర్ అని ఒక పేరుంది. బ్రిటన్‌లో ఉండే ఆవిడ, వినికిడి లేదట. అప్పటినుంచీ చదువుతూనే ఉన్నాను. ప్రేమ కబుర్లేవీ కనపడలేదు గాని ఎన్ని నవ్వులో! ఆ నవ్వు ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో. ఒకసారి నన్ను పిలిచి ‘కూర్చోండి అనే మాట బటన్ మీద పట్టడం లేదు, గౌరవంగానే ఉండే చిన్నమాట చెప్పు’ అన్నారు. గిన్నెలు కడుగుతూ ‘నాకేం తెలుసు’ అన్నాను. మళ్ళీ అడగలేదు. అత్తగారు నెట్ తీయించేయమంటున్నారు. తీయించనా? ఆయనను నిలదీయనా? మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, దాని ముందు గొడవ పడడం ఇష్టం లేదు.”

అమ్మా, ముందు అత్తగారి సలహా సంగతి. నెట్ తీయించకండి. బిల్లు మీ జీతంలోంచే కడుతున్నా సరే. చూపు లేని మనిషి చేతికర్ర దాచేసి ‘ఇక ఇంటిపట్టున ఉంటాడు’ అనుకోవడం లాంటిది ఆ పని. ఉంటారు, నిజమే. మీతో మాత్రం ఉండరు.

తర్వాతి మాట మీకు కష్టంగా ఉంటుంది. వెనక నిలబడి చదవడం ఈ రాత్రితో మానండి. చూపున్న భర్త అయితే మీ నీడ పడగానే తెర తిప్పుకునేవాడు. మీవారికి మీరు వచ్చింది కనిపించదు, హెడ్‌ఫోన్లలో వినిపించదు. ఆయనకు లేనిదాన్ని ఆసరా చేసుకుని ఆయన మాటలు చదవడం, కారణం ఎంత న్యాయమైనదైనా, అన్యాయమే. ఇంకో సంగతి కూడా గమనించండి. చాలామంది వాడే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌లో తెరను పూర్తిగా నల్లగా చేసే సదుపాయం ఉంది. వాడేవారికి మాట వినిపిస్తూనే ఉంటుంది, పక్కవాళ్ళకు ఏమీ కనిపించదు. కంప్యూటర్ మీద ఇంత పట్టున్న మనిషి దాచాలనుకుంటే దాచుకోవడానికి దారి లేకపోలేదు. ఇది రుజువని అనను. దొంగచాటు వ్యవహారం నడిపేవాళ్ళు ఇంత తెరిచిపెట్టి కూర్చోరు అని మాత్రం అంటాను.

బొమ్మ కనిపించని మనిషికి అక్కడేం పని అని కోపంగా అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి మీరు, ఎందుకంటే మీ ఇంటి చిక్కు కూడా అందులోనే ఉంది.

సెకండ్ లైఫ్‌ను అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003లో తెరిచింది. చూడడానికి ఆటలా ఉంటుంది గాని గెలుపోటములు లేవు. అక్కడి ఇళ్ళు, చెట్లు, బట్టలు చాలావరకు అక్కడికి వెళ్ళేవాళ్ళు తయారుచేసుకున్నవే. మామూలుగా అందరూ బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేర్‌తో వెళ్తారు. అదే లోకాన్ని మాటల్లో ఇచ్చే ర్యాడెగాస్ట్ లాంటివీ ఉన్నాయి: దగ్గర్లో ఎవరున్నారు, ఏ వస్తువు ఎంత దూరంలో ఉంది, ఎవరేమన్నారు. స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది. మీకు తెర మీద బొమ్మల కన్నా వరుసగా పేర్చిన ఇంగ్లిషు మాటలే ఎక్కువగా కనిపించి ఉంటే కారణం అదే.

అయితే అక్కడ ఏ వస్తువు తయారుచేసినా దానికి మొదట ‘ఆబ్జెక్ట్’ అనే పేరే పడుతుంది. చేసినవాళ్ళు బద్ధకించి పేరు మార్చకపోతే చూసేవాళ్ళకు అది మామిడిచెట్టు, వినేవాళ్ళకు ఉత్త ఆబ్జెక్ట్. తోటలో అడుగుపెడితే చెవిలో ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్. ఇలాంటి చోట స్క్రిప్టు, అంటే అక్కడి వస్తువులను పనిచేయించే చిన్న ప్రోగ్రాము, రాయడం వచ్చినవాడికి విలువ ఉంటుంది. చుట్టూ 96 మీటర్ల వరకు ఏమేమి ఉన్నాయో వెతికి చెప్పే స్క్రిప్టు రాయవచ్చు. చూపు లేనివాళ్ళను వెంటబెట్టుకుని తీసుకెళ్ళి, చుట్టుపక్కల ఏముందో చెప్పే మ్యాక్స్ అనే కుక్కను అక్కడివాళ్ళు ఇలాగే తయారుచేశారు. గోడ కట్టడానికి కూడా కన్ను అక్కరలేదు. అక్కడ ఒక్కో ప్రాంతం 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. గోడ ఎక్కడ నిలబడాలో మూడు అంకెలు, ఎంత పెద్దదో మరో మూడు అంకెలు. స్క్రిప్టులో ఆ అంకెలు ఇస్తే గోడ అక్కడ నిలుస్తుంది. మీవారు జన్మంతా అంకెలతో బతికిన మనిషి. ఐదేళ్ళ కిందట చేతిలోంచి జారిపోయిన పని మరో రూపంలో దొరికిందని అర్థం చేసుకోండి.

మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఆయనకు మీరు పెట్టేవి, ఇచ్చేవి, ఆయన కోసం చేసేవి ఉన్నాయి. ఆయన ఇంటికి చేసే పని ఒక్కటీ లేదు. ప్రేమతోనే జరిగి ఉంటుంది ఇదంతా. ముందు బ్యాంకు పని మీరు తీసుకుని ఉంటారు, తర్వాత కరెంటు బిల్లు, తర్వాత అమ్మాయి ఫీజు లెక్క, ‘ఎందుకు మీకు శ్రమ’ అంటూ. లెక్కలు రాసిన మనిషి ఇంట్లో లెక్కలు లేకుండా మిగిలాడు. అక్కడేమో జనం వచ్చి ‘ఈ తలుపు ఎందుకు పలకడం లేదు, కాస్త చూస్తారా’ అని అడుగుతారు. ‘చూస్తారా’ అని అడిగించుకోవడానికి ఆయన రాత్రి పదింటికి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటున్నారని నా అనుమానం. దాన్ని పారిపోవడమని మీరంటారు, నేను అనను.

కుర్రాడి రూపం గురించి ఎక్కువ ఆలోచించకండి. రేచీకటి రాకముందు ఆయన వయసెంతో ఒకసారి లెక్క వేసుకోండి, చాలు. అక్కడ నడవలేనివాళ్ళలో కొందరు నాట్యం చేసే అవతారం పెట్టుకుంటారు, కొందరు చక్రాల కుర్చీతో సహా పెట్టుకుంటారు. రెండూ వాళ్ళిష్టం. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్న ఆలిస్ క్రూగర్ అనే అమెరికన్ మహిళ అక్కడ జెంటిల్ హెరాన్ పేరుతో తిరుగుతూ, వైకల్యం ఉన్నవాళ్ళు కొత్తగా వచ్చినప్పుడు తడబడకుండా నేర్చుకునేందుకు ఒక ద్వీపాన్నే నడిపించారు. వర్చువల్ ఎబిలిటీ అనే ఆ సంస్థకు 2009లో లిండెన్ ల్యాబ్ బహుమతి కూడా వచ్చింది. మారుపేరు పెట్టుకున్నంత మాత్రాన అబద్ధం బతుకుతున్నట్టు కాదు, అక్కడ చాలామందికి మారుపేర్లే.

ఇక ఆవిడ సంగతి. మీ గుండెలో గుచ్చుకున్నది ఇదేనని తెలుసు. ఆయనకు చూపు లేదు, ఆమెకు వినికిడి లేదు. ఒక గదిలో ఎదురెదురుగా కూర్చోబెడితే ఆమె సైగ ఆయనకు కనబడదు, ఆయన మాట ఆమెకు వినబడదు. అక్షరాల్లో మాత్రం ఇద్దరూ సరిసమానం: ఆమె చదువుతుంది, ఆయన వింటారు. 2007లో సెకండ్ లైఫ్‌లోకి గొంతుతో మాట్లాడే ఏర్పాటు వచ్చినప్పుడు వినికిడి లేనివాళ్ళు కలవరపడ్డారు, అందరూ నోటితో మాట్లాడుకుంటే తాము మళ్ళీ బయటే మిగిలిపోతామని. ఆమె కోసం మీవారు టైపు చేస్తూ ఉండవచ్చు, ఆయన కోసం ఆమె వస్తువులకు పేర్లు పెడుతూ ఉండవచ్చు. అలాంటి స్నేహం దొరకడం తేలిక కాదు.

కాని ఆ పార్ట్‌నర్ అనే మాటను నేను కొట్టిపారేయను. అక్కడ ఇద్దరు భాగస్వాములుగా రాసుకోవడానికి తలా పది లిండెన్ డాలర్లు (అక్కడ చెల్లే డబ్బు), తెంచుకోవడానికి పాతిక. ఒక అమెరికన్ డాలరుకు సుమారు 250 లిండెన్లు వస్తాయి కాబట్టి కలవడానికి మూడు నాలుగు రూపాయలు, విడిపోవడానికి ఎనిమిదో తొమ్మిదో. మన చట్టం దృష్టిలో అది పెళ్ళి కాదు. కొందరు తమాషాకు రాసుకుంటారు, కొందరు కలిసి పనిచేస్తున్నామని చెప్పుకోవడానికి, కొందరు నిజంగా మనసిచ్చి. 2008లో బ్రిటన్‌లో ఒక భార్య, తన భర్త అవతారం ఆ లోకంలో మరొకరితో ఉండడం చూసి నిజం విడాకులకే వెళ్ళింది, పత్రికలన్నీ రాశాయి. మీవారిది ఏ రకమో నాకు తెలియదు, మీకూ తెలియదు. తెలిసిన మనిషి పక్కగదిలో ఉన్నారు.

కాబట్టి అడగండి. నిలదీయవద్దు, అడగండి. అమ్మాయి కాలేజీకి, అత్తగారు గుడికి వెళ్ళిన పూట చూసుకోండి. (ఆ లోకంలో గుసగుస 10 మీటర్లు దాటదట. మన ఇళ్ళలో అంతకన్నా దూరమే పోతుంది.) మీ మొదటి వాక్యం ‘ఆమె ఎవరు’ అని కాకూడదు. ‘మీకు తెలియకుండా మీ తెర చదివాను, తప్పు చేశాను’ అని ఉండాలి. ఆయనకు కోపం రావచ్చు, రానివ్వండి. తర్వాత పార్ట్‌నర్ అనే మాట మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో అంతా చెప్పండి. ఆమెకు మీరున్నారని తెలుసా అని అడగండి. తెలియదంటే చెప్పమనండి. ఆ పేరు అక్కడినుంచి తీసేయమని కోరే హక్కు మీకు పూర్తిగా ఉంది, స్నేహం ఉంచుకుని పేరు తీసేయవచ్చు. ‘పాపం, చూపు లేదు కదా’ అని ఈ విషయంలో మెత్తబడవద్దు. జాలిపడి వదిలేస్తే ఆయనను భర్తగా కాక రోగిగా చూసినట్టవుతుంది, ఆ ఇంట్లో అది ఇప్పటికే ఎక్కువైంది.

వేళల సంగతి కూడా తేల్చుకోండి. మనకు రాత్రి పదయితే బ్రిటన్‌లో సాయంత్రం. సెలవురోజుల్లో వాళ్ళకు మధ్యాహ్నమే తీరిక ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ముందుగానే మొదలుపెట్టి పదింటికల్లా లేవవచ్చు. వారంలో కొన్ని రాత్రులు ఇంటివి. అక్కడ భూమి అద్దెకో, వస్తువులకో ఎంత ఖర్చవుతోందో కూడా చెప్పమనండి. స్క్రిప్టులు అమ్మితే డబ్బు వస్తుంది కూడా, ఆ లెక్క ఆయనే రాస్తారు. ఇంటి లెక్క కూడా ఈ నెల నుంచి ఆయనకే ఇచ్చేయండి. బ్యాంకు యాప్ స్క్రీన్ రీడర్‌తో సతాయిస్తే ఆయన తిట్టుకుంటూ చేసుకోనివ్వండి, మీరు ఫోను లాక్కోకండి.

ఇప్పుడు ఆ బటన్. ప్రోగ్రాములు తెలిసినవాళ్ళను అడిగితే ఇలా చెప్పారు: అక్కడ స్క్రిప్టు చూపించే బటన్ మీద 24 బైట్లే పడతాయి, బైటు అంటే కంప్యూటర్ అక్షరాలను కొలిచే కొలత. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో అక్షరానికి మూడు, గుణింతం గుర్తుకు మూడు, సున్నకు మూడు, ఒత్తు వస్తే దాని పొల్లుకు మూడు, ఆ అక్షరానికి మళ్ళీ మూడు. అంటే మొత్తం ఎనిమిది గుర్తులు. ‘కూర్చో’ ఆరు గుర్తులు, హాయిగా పడుతుంది. ‘కూర్చోండి’ తొమ్మిది, పట్టదు. వచ్చినవాళ్ళను కూర్చో అనడం ఇష్టంలేక ఒక పెద్దమనిషి ఆగిపోయి, ఇంట్లో తెలుగు బాగా తెలిసిన మనిషి ఎవరా అని ఆలోచించి మిమ్మల్ని పిలిచారు. బ్రిటన్ ఆవిడను అడగలేని ప్రశ్న అది. మీరు గిన్నెల దగ్గర ఉన్నారు, విసుగ్గా ఉంది, అది అర్థమవుతుంది. కాని ఆ తలుపు ఆయన వైపు నుంచి మూయలేదు. ‘దయచేయండి’ అని సూచించి చూడండి. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, సరిగ్గా ఎనిమిది గుర్తులు. మీకు ఇంకా మంచి మాట తడితే నాదాన్ని పక్కన పెట్టేయండి.

ఆయన ఒప్పుకుంటే మీరూ ఒక అవతారం తయారుచేసుకుని బొమ్మలు కనిపించే సాఫ్ట్‌వేర్‌తో ఆ అరుగు దగ్గరకు వెళ్ళండి. దారి ఆయననే చూపించమనండి. మొదటి రోజు మీకు నడవడం రాదు, గోడలకు గుద్దుకుంటారు, నీళ్ళలో పడతారు. పడనివ్వండి. అరుగు ఎలా ఉందో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, రంగు బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి. అడగకపోతే వర్ణించకండి. నిఘాకు వచ్చానని అనిపిస్తే మాత్రం వెళ్ళకపోవడమే మేలు.

ఒకవేళ ఆయన ఆ స్నేహం స్నేహం దాటిందని చెబితే ఇది ఉత్తరాలతో తేలే విషయం కాదు. ఇద్దరూ కలిసి మీ దగ్గర్లోని కుటుంబ సలహాదారును కలవండి. ఏం చెప్పినా, ఆయన వైపు మాట నాకు రాయాలనిపిస్తే ఆయననే టైపు చేసి పంపమనండి. ఆయన చెబుతుంటే మీరు రాసి పంపవద్దు.