బోర్డు రాయించే ముందు ఒక్క మాట

చంటీ,

నీ మెసేజి రెండుసార్లు చదివాను. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో రెస్టారెంటుకి షాపు చూశావని, లీజు మాటలు నడుస్తున్నాయని, "మా దగ్గర టిప్పు ఇవ్వక్కర్లేదు, మా సర్వర్లకి (వడ్డించేవాళ్ళకి) మేమే మంచి జీతం ఇస్తాం" అని గోడ మీద బోర్డు పెడతానని, గంటకి 18 డాలర్లు ఇస్తానని రాశావు. "పెద్దమ్మా, రెండు ముక్కల్లో చెప్పు" అన్నావు. రెండు ముక్కల్లో అయితే ఇదీ సంగతి: జీతం పెంచు, బోర్డు పెట్టకు. ఎందుకో చెప్పాలంటే మాత్రం కాస్త కూర్చోవాలి. ఆదివారం బఫే సర్దేసి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని రాస్తున్నా.

నీ మనసు నాకు అర్థమైంది. టెక్సాస్‌లో సర్వరుకి గంటకి 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలని తెలిసినప్పుడు నాకూ కడుపులో తిప్పింది. 1991 నుంచి ఆ అంకె కదల్లేదురా. అప్పటికి నువ్వింకా పుట్టలేదు. మిగతావాళ్ళకి కనీస వేతనం 7.25, అది 2009 నుంచి అక్కడే ఉంది. మధ్యలో ఉన్న 5.12 టిప్పుల్లోంచి వచ్చేస్తుందని లెక్క, దాన్నే టిప్ క్రెడిట్ అంటారు. టిప్పులు తక్కువ పడి 7.25కి చేరకపోతే ఆ తేడా ఓనరు కట్టాలి. కట్టనివాళ్ళు ఎంతమందో ఈ ఊళ్ళో పదిహేడేళ్ళుగా చూస్తున్నా.

తెనాలిలో మీ తాతయ్య కాఫీ హోటలు నడిపినప్పుడు సర్వర్లకి నెల జీతం, రెండు పూటలా భోజనం, పైన అటక మీద పడక. బిల్లు పెట్టిన సోంపు పళ్ళెంలో ఎవరైనా చిల్లర వదిలితే అది వాళ్ళ బీడీ ఖర్చుకి. ఆ చిల్లర లేదని ఎవరి ఇంట్లోనూ పొయ్యి ఆరిపోలేదు. ఇక్కడికొచ్చాక తిరగబడింది: చిల్లరే జీతం, జీతమే చిల్లర. అంతర్యుద్ధం అయ్యాక ఈ దేశంలో పుల్‌మన్ కంపెనీ రైలు పెట్టెల్లో పనికి పెట్టుకున్న నల్లవాళ్ళకి కాస్తంత జీతం పడేసి, మిగతాది ప్రయాణికుల దగ్గర రాబట్టుకోమంది. ఆ అలవాటు ఇప్పటికీ వదల్లేదు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రంలో టిప్పు ఇవ్వడం నేరమని చట్టం కూడా చేశారు, నాలుగేళ్ళకే ఎత్తేశారు. నువ్వు మొదటివాడివి కాదు, నేనూ కాదు.

అవును, నేనూ నా రెస్టారెంట్లో టిప్పులు ఎత్తేసి చూశాను. 2016లో. మీ అమ్మకి కూడా చెప్పలేదు, నవ్వుతుందని.

దానికి కారణం మా దోసె మాస్టరు. ఒక శనివారం రాత్రి పదిన్నరకి షాపు మూశాం. సర్వర్లు ముందు టేబులు దగ్గర కూర్చుని టిప్పుల నోట్లు లెక్కపెట్టుకుంటున్నారు. ఆయన లోపల పెనం గీకుతున్నాడు. ముంజేతి మీద ఆవేళే కాలిన గీత, దానికి పసుపు అద్దుకుని ఉన్నాడు. నేను మజ్జిగ ఇస్తే తాగి, గ్లాసు దించుతూ, "అమ్మా, ఇవాళ రెండొందల డెబ్భై దోసెలు పోశాను" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. బయట ఒకమ్మాయి తన నోట్లకి రబ్బరు బ్యాండు వేసుకుంటోంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్లో టిప్పుల్లోంచి వంటింటికి వాటా ఇవ్వనిచ్చేవాళ్ళు కాదు. అందుకని అసలు టిప్పులే ఎత్తేసి, రేట్లు పెంచి, అందరికీ జీతాలు పెంచుదామనుకున్నా. 9.99 ఉన్న మసాలా దోసె 11.99 చేశాను. సర్వర్లకి గంటకి 17. బిల్లు మీద టిప్పు రాసే గీత తీసేశాను. మెనూ మొదటి పేజీలో అంతా వివరంగా రాయించాను, తెలుగులో కూడా.

ఎవరూ చదవలేదు నాయనా. ఫోన్లు మాత్రం వచ్చాయి, "దోసె పన్నెండు డాలర్లా అండీ?" అని. పక్క ప్లాజాలో 9.99 దోసె తిని, 18 శాతం టిప్పు పెడితే 11.79 అవుతుంది. అంటే ఇంచుమించు నా రేటే. కానీ ఆకలితో ఫోనులో మెనూ చూసేవాడు గుణకారాలు చెయ్యడు, అంకె చూస్తాడు. పైగా పార్సిల్ తీసుకెళ్ళేవాడు ఎప్పుడూ టిప్పు పెట్టి ఎరగడు, వాడికి నిజంగానే 2 డాలర్లు పెరిగింది. మా అమ్మకంలో సగం పార్సిళ్ళేనని ఆ నెలే నాకు తట్టింది.

రెండో దెబ్బ సర్వర్లది. శుక్ర, శనివారాలు చేసే అమ్మాయి ఆరు గంటల షిఫ్టుకి రెండొందల పైచిలుకు ఇంటికి పట్టుకెళ్ళేది. నా కొత్త లెక్కలో 102. రెండు వారాలు చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. తప్పు పట్టలేం, ఆమెకి ఇద్దరు పిల్లలు. అదే మంగళవారం లంచికి వచ్చే కుర్రాడు నాలుగు గంటలకి అంతకుముందు టిప్పులు, జీతం కలిపి ముప్ఫై తెచ్చుకునేవాడు, ఇప్పుడు 68. వాడు నన్ను దేవతలా చూశాడు. చంటీ, నువ్వు ఒకటి గమనించాలి. టిప్పు తీసేస్తే సర్వర్లందరికీ ఒకేలా మంచో చెడో జరగదు. రద్దీ షిఫ్టు వాళ్ళ దగ్గర తీసి ఖాళీ షిఫ్టు వాళ్ళకి ఇచ్చినట్టవుతుంది. న్యాయమే కావచ్చు, కానీ శనివారం రాత్రి నాలుగు టేబుళ్ళు ఒక్క చేత్తో నడిపే మనిషి వెళ్ళిపోయాక ఆ న్యాయం పెట్టుకుని బిర్యానీ ఎవరు వడ్డిస్తారు? ఐదు నెలలు లాగి, మళ్ళీ టిప్పు గీత పెట్టాను.

నాకంటే పెద్దవాళ్ళూ ఇలాగే వెనక్కొచ్చారు. షేక్ షాక్ అనే బర్గర్ల హోటళ్ళు మొదలుపెట్టిన డానీ మేయర్ 2015లో న్యూయార్కులో తన రెస్టారెంట్లలో టిప్పులు ఎత్తేస్తానన్నాడు, 2020లో మళ్ళీ తెచ్చాడు. జోస్ క్రాబ్ షాక్ అనే సీఫుడ్ హోటళ్ళ వాళ్ళు 18 చోట్ల చేసి చూసి, ఏడాదిలోపే చాలావాటిలో మానేశారు. అంతంత పేరు, పెట్టుబడి ఉన్నవాళ్ళకే ఒక్కళ్ళుగా చేస్తే నిలవలేదు. వీధి మొత్తం ఒకేసారి చేస్తే వేరే మాట. అది చట్టం చెయ్యాల్సిన పని, నీ బోర్డు చేసే పని కాదు.

జీతం, టిప్పు రెండింటిలో ఒకటే ఉండాలని నీకు ఎవరు చెప్పారు? కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్, నెవాడా, మిన్నెసోటా, మోంటానా, అలాస్కా, ఈ ఏడు రాష్ట్రాల్లో 2.13 లాంటి వేషాలు లేవు. పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి, టిప్పు దాని పైన. అక్కడ జనం టిప్పు మానలేదు. ఆ పద్ధతి టెక్సాస్‌లో ఎవరూ నీ చేత బలవంతంగా చేయించరు, చేస్తే వద్దనేవాడూ లేడు.

2018 మార్చిలో చట్టం మారింది. సర్వర్లకి పూర్తి కనీస వేతనం ఇచ్చి టిప్ క్రెడిట్ వదులుకుంటే, టిప్పుల్లోంచి వంటవాళ్ళకి, గిన్నెలు తోమేవాళ్ళకి కూడా వాటా ఇవ్వచ్చు. క్రెడిట్ తీసుకుంటే ఇవ్వకూడదు. నేను ఆ ఏడాదే మారిపోయా. సర్వరుకి గంటకి 10 డాలర్లు, పైన టిప్పుల పంపకం.

పంపకం ఇలా చేస్తాం. గంటకి సర్వరుకి 10 పాయింట్లు, వంటవాళ్ళకి 4, గిన్నెల దగ్గర 2. మొన్న శనివారం టిప్పులు 720 వచ్చాయి. నలుగురు సర్వర్లు తలా ఆరు గంటలు, అంటే 240 పాయింట్లు. వంటింట్లో ముగ్గురు ఎనిమిదేసి గంటలు, 96. గిన్నెల దగ్గర ఇద్దరు ఆరేసి గంటలు, 24. మొత్తం 360, పాయింటుకి 2 డాలర్లు. సర్వరుకి 120, దోసె మాస్టరుకి 64, గిన్నెలు తోమిన కుర్రాడికి 24. సర్వరుకి జీతంతో కలిపి 180 అయింది. పాత రెండొందల కంటే తక్కువే, కాదనను. కానీ ఖాళీగా పోయిన రోజున కూడా 60 గ్యారంటీ. అందుకే నిలబడ్డారు, ఇద్దరు ఎనిమిదేళ్ళ నుంచీ ఉన్నారు.

నాకెంత పడిందో కూడా చెప్తా, దాచడమెందుకు. వారానికి సర్వర్ల గంటలు 120. గంటకి 2.13 బదులు 10 ఇస్తే 7.87 ఎక్కువ, అంటే వారానికి దాదాపు 945, పైన ఆ జీతం మీద ఓనరు కట్టే పేరోల్ టాక్సు. వారానికి రెండు వేల ప్లేట్లు అమ్ముతా కాబట్టి ప్లేటుకి అర డాలరు పెంచితే ఇంచుమించు సరిపోయింది. 2 డాలర్లు పెంచితే ఫోన్లు చేసినవాళ్ళు అర డాలరుకి నోరెత్తలేదు. నీ ప్లేట్ల లెక్క మొదటి ఏడాది ఎంతుంటుందో నువ్వు ఊహించేదాంట్లో సగం వేసుకో, అప్పుడు చూసుకో.

ఇక 18 శాతం సర్వీస్ చార్జి మనమే బిల్లులో వేసేద్దామా అన్నావు. వద్దు. చట్టం దృష్టిలో అది టిప్పు కాదు, నీ ఆదాయం. అందులోంచి సర్వర్లకి ఇచ్చింది జీతం కింద లెక్క. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2028 వరకు ఏడాదికి 25,000 డాలర్ల దాకా టిప్పులు ఆదాయపు పన్ను లెక్కలోంచి తీసేసుకోవచ్చు, కానీ అవి గిరాకీ తనంతట తాను ఇచ్చినవై ఉండాలి. నువ్వు టిప్పు తీసేసి జీతంగా ఇచ్చినా, చార్జి వేసి ఇచ్చినా వాళ్ళకి ఆ లాభం పోతుంది. ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు ఇది నీకంటే ముందు లెక్కేసుకుంటారు. పైగా మనవాళ్ళకి బిల్లులో చార్జి కనపడితే ఎలా ఉంటుందో తెలుసుగా, హైదరాబాదులో కూడా గొడవే. తీసెయ్యమంటే తియ్యాల్సిందేనని కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

మీ బావమరిదిని మేనేజరుగా పెడుతున్నావు కాబట్టి చెప్తున్నా: టిప్పుల డబ్బా నువ్వూ, అతనూ ముట్టకూడదు. శనివారం నాలుగు టేబుళ్ళకి అతనే వడ్డించినా సరే, అందరి డబ్బాలో అతనికి వాటా లేదు. కార్డు మీద వచ్చిన టిప్పు జీతం రోజుకల్లా వాళ్ళ చేతికి చేరాలి. కార్డు కంపెనీ ఫీజు అందులోంచి పట్టుకోవచ్చని మీ అకౌంటెంటు చెప్తాడు, ఇక్కడ చెల్లుతుంది కూడా. పట్టుకోకు. 20 డాలర్ల టిప్పులో అరవై సెంట్లు కోస్తే నీకు మిగిలేది అరవై సెంట్లే, వాళ్ళకి గుర్తుండేది ఏడాదంతా. స్టూడెంట్లని క్యాష్ మీద పెట్టుకుని టిప్పులే జీతం అనే పని అస్సలు చెయ్యకు. ఆ పిల్లల వీసాలు పోతాయి, నీ షాపు పోతుంది. మీ అమ్మకి నేను మొహం చూపించలేను.

కౌంటరు దగ్గర పార్సిల్ తీసుకునేవాళ్ళకి కార్డు మిషను తెర తిప్పి టిప్పు 18, 20, 25 శాతం అని చూపించకు. ఇడ్లీ డబ్బా చేతికిచ్చినందుకు పాతిక శాతం అడిగితే నాకే చిరాకేస్తుంది. పక్కన ఒక గాజు సీసా పెట్టు, చాలు.

టిప్పు వల్ల వచ్చే అసలు చెడు డబ్బు కాదురా, చనువు. ఒకసారి పద్నాలుగు మంది పుట్టినరోజుకి వచ్చారు. ఒక పెద్దమనిషి మా అమ్మాయి నీళ్ళు పోస్తుంటే ప్రతిసారీ మణికట్టు పట్టుకుని మాట్లాడుతున్నాడు. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే తెలిసిపోతుంది, బిల్లు నాలుగొందలు దాటిందని లెక్కేసుకుంటున్న నవ్వు అది. నేను జగ్గు తీసుకుని నీళ్ళు నేనే పోశాను. వాళ్ళు వెళ్ళేటప్పుడు టిప్పు గీత మీద అడ్డంగా కొట్టేసి పోయారు. ఆ రోజు ఆమె వాటా నా పర్సులోంచి ఇచ్చాను. గంటకి 10 ఉంటే ఆడపిల్ల "చెయ్యి తియ్యండి" అనగలదు, 2.13 ఉంటే అనలేదు. జీతం పెంచమని నేను చెప్పేది ముఖ్యంగా ఇందుకే, మిగతా లెక్కలన్నీ తర్వాత.

లీజు మీద సంతకం పెట్టేముందు ఒక శనివారం రాత్రి పదింటికి రా. పంపకం దగ్గర పక్కన కూర్చో, మాట్లాడకు, చూడు. అన్నట్టు, పాత దోసె పెనం గరాజులో ఉంది, కొత్తది కొనకు. బావమరిది చేత పికప్ తెప్పించు, ఒక్కడు మొయ్యలేడు.

పెద్దమ్మ