హెవీ వాటర్ కాలుతుందా?

ప్రశ్న: సార్, మాది అశ్వాపురం దగ్గర. మా ఊరి హెవీ వాటర్ ప్లాంట్‌లో తీసే నీళ్ళతోనే అణు కరెంటు పుడుతుందని మా బావ వాదిస్తాడు. నీళ్ళెలా కాలతాయి? ఇంకోటి, జపాన్ ఫుకుషిమాలో రియాక్టర్లు ఆపేశారు కదా, ఆపేశాక కూడా ఎందుకు అంత పనైంది?

జవాబు: మీ బావగారిది సగం కరెక్టే. వేడి పుట్టేది యురేనియంలో, నీళ్ళల్లో కాదు. మన హైదరాబాద్‌లో అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీలో ఆ యురేనియం బిళ్ళల్ని గొట్టాల్లో పేర్చి 19 గొట్టాలు ఒక కట్టగా చేస్తారు, కట్ట అర మీటరు పొడవుంటుంది గానీ ఎత్తితే 15 కిలోల పైమాటే! కర్ణాటకలో కైగా లాంటి 220 మెగావాట్ల రియాక్టర్‌లో ఇలాంటివి 3,672 పడతాయి, నడుస్తుండగానే మార్చేస్తారు కూడా, అందుకే 2018 చివరికల్లా అక్కడి ఒకటో యూనిట్ ఆగకుండా 962 రోజులు నడిచింది.

యురేనియం పరమాణువు పగిలితే న్యూట్రాన్లనే చిన్న కణాలు మహా స్పీడుగా బయటికొస్తాయి, ఆ స్పీడులో ఇంకో యురేనియంని పగలగొట్టడం కష్టం, నెమ్మదించాలి. క్యారమ్స్‌లో చూడండి, కాయిన్ ఫ్రేముకి తగిలితే అదే ఊపుతో వెనక్కొస్తుంది, ఇంకో కాయిన్‌కి తగిలితే ఊపు చచ్చిపోతుంది. అంటే న్యూట్రాన్ కూడా తన బరువుకి దగ్గరగా ఉండే తేలికవాటికి తగలాలి. మామూలు నీళ్ళల్లో హైడ్రోజన్ ఈ పని బానే చేస్తుంది గానీ మధ్యలో న్యూట్రాన్లని మింగేస్తుంది, మన కట్టల్లో పగిలే రకం యురేనియం 0.7 శాతమే కాబట్టి ఆ నష్టం తట్టుకోలేం. హెవీ వాటర్ అంటే బరువు హైడ్రోజన్ ఉన్న నీళ్ళు, అది అంతగా మింగదు. గోదావరి నీళ్ళల్లో ఆ బరువు హైడ్రోజన్ ఆరేడు వేలకి ఒకటి ఉంటుంది, దాన్ని ఏరడానికే మీ ఊళ్ళో అంత ప్లాంటు.

కట్టల వేడిని మోసుకెళ్ళేదీ హెవీ వాటరే, ప్రెషర్‌లో ఉంచుతారు కాబట్టి దాదాపు 290 డిగ్రీల్లో కూడా గలగలా మరగదు. ఆ వేడితో విడిగా ఉండే మామూలు నీళ్ళు ఆవిరై టర్బైన్ తిప్పుతాయి. మీ పక్కనే భద్రాద్రి థర్మల్‌లోనూ టర్బైన్ తిప్పేది ఆవిరే, పొయ్యి ఒక్కటే తేడా.

ఇక ఫుకుషిమా. బొగ్గుపొయ్యి ఆర్పినా నిప్పు కణకణలాడుతుందే, అలాంటిదే ఇదీ. న్యూట్రాన్లని మింగే రాడ్లు లోపలికి దూరగానే యురేనియం పగలడం ఆగుతుంది కానీ పగిలిన ముక్కలు ఇంకా వేడి వదుల్తూనే ఉంటాయి, ఆపిన క్షణంలో అది మొత్తం వేడిలో 6 శాతం పైనే. కైగా సైజు రియాక్టర్‌లో లెక్కేస్తే (220 మెగావాట్లు కరెంటు మాత్రమే, పుట్టే వేడి దానికి మూడింతల పైనే) 40 మెగావాట్ల పైమాట, రోజు గడిచినా అందులో పదో వంతు దాకా మిగుల్తుంది. అంటే పంపులు తిరుగుతూనే ఉండాలి. 2011 మార్చి 11న భూకంపం రాగానే నడుస్తున్న 3 రియాక్టర్లూ ఆగాయి, అక్కడిదాకా బానే ఉంది, తర్వాత సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లని ముంచేసింది, పంపులకి కరెంటు పోయి ఆ మిగిలిన వేడిని తీసేసే దారి లేకుండా పోయింది.