1872లో అమెరికా వెళ్లిన చైనా పిల్లల మీద టీనేజ్ నవల రాస్తున్నాను. హీరో అక్కడే ఉండిపోవాలా, తిరిగి వెళ్లాలా?

తిరిగి పంపండి. అసలు కథ అక్కడే ఉంది.

నిజానికి ఎంచుకునే వీలు ఆ పిల్లలకు లేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చదివిన యుంగ్ వింగ్ అనే చైనీయుడి చొరవతో, అప్పట్లో చైనాను ఏలుతున్న చింగ్ రాజవంశ ప్రభుత్వం 1872 నుంచి 1875 దాకా ఏటా 30 మంది చొప్పున 120 మంది అబ్బాయిల్ని పంపింది. పదిహేనేళ్ల చదువన్నారు. 1881లో వచ్చేయమన్నారు. పిల్లలు అమెరికన్లయిపోతున్నారని చైనా అధికారులు ఫిర్యాదులు చేశారు. ఇటు అమెరికా సైనిక, నౌకాదళ అకాడమీలు వీళ్లను చేర్చుకోలేదు. మరుసటి ఏడే చైనా కూలీల రాకను ఆపుతూ అమెరికా చట్టం చేసింది.

నేను కనెక్టికట్‌లో ఉంటాను. మా లైబ్రరీలో టీనేజ్ పిల్లలతో చరిత్ర కథలు చదివిస్తుంటాను, వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. చింగ్ పాలనలో మగవాళ్లు తప్పక వేసుకోవాల్సిన జడ సంగతి చెబితే ఆసక్తిగానే వింటారు. జడ కత్తిరిస్తే చక్రవర్తికి ద్రోహం చేసినట్టే కాబట్టి, ఆ అబ్బాయిలు ఆటల్లో దాన్ని దాచుకునేవారు. కానీ పిల్లల్ని పట్టేసింది చదువు సంగతి. ఈ అబ్బాయిలు అమెరికన్ కుటుంబాల ఇళ్లలో పెరుగుతూ, విడతలవారీగా మా కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో ఈ చదువు పథకాన్ని నడిపే మిషన్ భవనానికి వచ్చి చైనా గ్రంథాలు వల్లె వేయాలి. అది విని ఒకమ్మాయి, "మా సండే తెలుగు క్లాసులాగే కదా ఆంటీ! మరి ఇంటికెళ్లాక అమ్మతో ఏ భాషలో మాట్లాడారు?" అని అడిగింది.

మీ నవల ఆ ప్రశ్న చుట్టూ తిరగాలి. జడ కత్తిరించుకోవడాన్ని పతాక సన్నివేశం చేస్తే సొంత సంస్కృతి వదిలించుకోవాల్సిన బరువైపోతుంది. అది ఆ పిల్లలకు అన్యాయం.

షాంఘైలో దిగగానే వాళ్లను సైనికుల కాపలాలో నడిపించుకెళ్లి ఒక పాత బడి భవనంలో ఉంచారు. ఆ గోడు ఒక కుర్రాడు, తనను పెంచిన అమెరికన్ తల్లికి ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. అది తప్పక వెతికి చదవండి. వాళ్లలో యేల్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేసిన జాన్ టియన్‌యూని చైనా రేవు పట్టణం ఫూజౌలోని నౌకాదళ పాఠశాలకు పంపారు. రైల్వే పనిలోకి రావడానికి ఏళ్లు పట్టింది, 1909లో బీజింగ్-జాంగ్‌జియాకో లైను పూర్తిచేశాడు. ఆయన్ని మాత్రం హీరోగా పెట్టకండి, విజయగాథ అయిపోతుంది. 1884లో ఫ్రెంచ్ నౌకలు ఫూజౌ మీద దాడి చేసినప్పుడు చనిపోయినవారిలోనూ ఈ విద్యార్థులున్నారు. అలాంటి, పేరు నిలవని ఒక కుర్రాణ్ణి కల్పించండి.

తల్లిదండ్రుల్నీ మర్చిపోకండి. అక్కడ జబ్బు చేసినా, చనిపోయినా ప్రభుత్వాన్ని నిలదీయబోమని సంతకం పెట్టి పంపారు. పన్నెండేళ్లప్పుడు వెళ్లిన కొడుకు ఇరవై ఏళ్లవాడై గుమ్మంలోకొచ్చి, మాటలు తడుముకుంటుంటే ఆ తల్లి ఏం చేస్తుందో తీరిగ్గా రాయండి. మా పిల్లలు ముందుగా చదివేది ఆ అధ్యాయమే.