పాటన్, సెంచూరియన్ పోలిక గురించి నీకు

మాధవరం

చిరంజీవి రవికి పెదనాన్న ఆశీస్సులు.

కళాశాలలో 1965 యుద్ధపు ట్యాంకులను పోలుస్తూ ప్రసంగించబోతున్నావనీ, అందుకోసం మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పటి అహల్యానగర్) ట్యాంకుల మ్యూజియానికి ఒంటరిగా బయలుదేరుతున్నావనీ మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వంగా, ఒకపక్క గుబులుగా ఉంది. టిక్కెట్టు ముందే తీసుకో. ట్యాంకులెక్కి మూతల దగ్గర చెయ్యి పెట్టకు. ఆ మూత పడితే వేలు మిగలదు, మీ అమ్మకు నేను జవాబు చెప్పుకోలేను.

నీ పట్టిక చూశాను. పాకిస్తాన్ వాడిన పాటన్ ట్యాంకు ఫిరంగి గొట్టం లోపలి వెడల్పు 90 మిల్లీమీటర్లు, మన సెంచూరియన్‌ది 84. అది గంటకు 48 కిలోమీటర్లు పరుగెత్తితే ఇది 34 దాటదు. అంకెలు సరే, ఆ లెక్కన పంజాబులోని అసల్ ఉత్తర్‌లో మనం గెలిచిన ఆ పోరులో మనమే ఓడిపోవాలి కదా? నేల సంగతి ఒక్క గడిలోనూ రాయలేదేమిరా?

1974 చలికాలంలో పంజాబులో విన్యాసాలు జరుగుతున్నప్పుడు నేను సెంచూరియన్ డ్రైవరును, ఇరవై రెండేళ్లవాణ్ణి. కాలువ పక్క పొలం పైకి ఎండి పెళ్లలు కట్టి కనిపించింది. చుట్టూ తిరిగి వెళ్లమన్న కమాండరు మాట పెడచెవిన పెట్టి, యాభై టన్నుల బండిని అడ్డంగా దించాను. నాలుగు బారలు పోయామో లేదో పెళ్ల పగిలి, కింది ఊట బురద పొంగి, ట్రాకులు తిరిగిన కొద్దీ బండి పొట్టదాకా కూరుకుపోయింది. లాగడానికి వచ్చిన రెండో బండీ దిగబడింది. మర్నాడు సాయంత్రం దాకా పారతో బురద తవ్వుతూనే ఉన్నాను. గోధుమ చేను నలిగిపోయిన ఆ రైతు తిట్టకపోగా ఇత్తడి గ్లాసులో టీ తెచ్చి ఇచ్చాడు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

1965 సెప్టెంబరులో పాటన్లకు పట్టిన గతి కూడా ఇదే. మనవాళ్లు కాలువ నీళ్లు పొలాల్లోకి వదిలి, నిలువెత్తు చెరుకులో మూడు వైపులా కాచుకుని ఉండగా, అవి బురదలో మందగించి పక్కలు చూపించాయి. అక్కడ సెంచూరియన్లతో పాటు, నిజాం కాలంలో పుట్టిన దక్కన్ హార్స్ రెజిమెంటు పాత షెర్మన్ ట్యాంకులతోనే పోరాడింది. అంతమాత్రాన పాటన్ చెత్తదని రాయకు. గురి ఎంత దూరంలో ఉందో కొలిచే దాని దూరమాపకం గొప్ప పరికరమే, కానీ బాగా సాధన చేసిన చేతికే లొంగుతుంది. మన సెంచూరియన్ నెమ్మదితనాన్నీ, అది పెట్రోలు తాగే తీరునూ దాచకు. నా బండి కదా అని నేనేమీ అనుకోను.

మ్యూజియంలో సెంచూరియన్ ముందు కుడివైపున డ్రైవరు చోటు ఉంటుంది. అదెంత ఇరుకో బయటి నుంచే చూసి, రాత్రి ఎనిమిదిలోపు నాకు ఫోను చెయ్యి.

మీ పెదనాన్న