టీవీ అంచున ఆ రంగుల చారలు ఎందుకు? తొలి ఇంటి కంప్యూటర్లపై పాఠకుల ప్రశ్నలు

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చౌక కంప్యూటర్‌ను తెచ్చిన బ్రిటన్ వ్యాపారవేత్త సర్ క్లైవ్ సింక్లెయిర్ గురించీ, 1980ల నాటి ఇంటి కంప్యూటర్ల గురించీ గత సంచికలో రాసిన వ్యాసం చదివి చాలామంది తమ జ్ఞాపకాలను, సందేహాలను రాసి పంపారు. వాటిలో నాలుగు ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: గల్ఫ్‌లో పనిచేసే మా మేనమామ ఒకసారి సెలవులకు వస్తూ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ తెచ్చారు. టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెట్టగానే వచ్చే కీచుమనే చప్పుడు, టీవీ తెర అంచుల్లో పరుగెత్తే రంగుల చారలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆటలో మనిషి బొమ్మ గోడ పక్కకు వెళ్లగానే దానికి గోడ రంగు అంటుకునేది. మా యంత్రంలో ఏదైనా లోపం ఉండేదా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీ యంత్రంలో ఏ లోపమూ లేదండీ. మీకు గుర్తున్న ఆ రెండూ దాన్ని తయారుచేసినవారు తెలిసి తీసుకున్న నిర్ణయాల ఫలితాలే. 1982 ఏప్రిల్ 23న స్పెక్ట్రమ్ బ్రిటన్‌లో విడుదలైనప్పుడు 16 కిలోబైట్ల రకం ధర 125 పౌన్లు, 48 కిలోబైట్ల రకం ధర 175 పౌన్లు. అంత తక్కువలో రంగుల కంప్యూటర్ ఇవ్వాలంటే తెరగా ఇంట్లోని టీవీనీ, ప్రోగ్రాములు దాచుకోవడానికి ఇంట్లోని టేప్‌రికార్డర్‌నూ వాడుకోవలసిందే.

క్యాసెట్‌లో ఉన్నది అచ్చంగా శబ్దమే. ముందుగా కొన్ని సెకన్ల పాటు ఒకే శ్రుతిలో సాగే కూత వస్తుంది. అప్పుడు తెర అంచున ఎరుపు, లేత నీలం చారలు కదులుతాయి. తర్వాత గరగరమంటూ అసలు సమాచారం మొదలై చారలు ముదురు నీలం, పసుపు రంగుల్లోకి మారతాయి. సున్నాకు ఒక నిడివి, ఒకటికి దానికి రెట్టింపు నిడివి గల తరంగాలను టేపు మీద ఎక్కించారు కాబట్టి, ప్రాసెసర్ ఒక్కో తరంగం ఎంతసేపు సాగిందో లెక్కపెట్టి అది సున్నానో ఒకటో తేల్చుకుంటుంది. ఆ లెక్కలో క్షణం కూడా తీరిక లేని ప్రాసెసర్, పని సాగుతోందని మనకు ఎలా చెప్పాలి? టేపు శబ్దాన్ని చదివే పోర్టే (ప్రాసెసర్ బయటి పరికరాలతో మాట్లాడే ద్వారం) అంచు రంగును కూడా నిర్ణయిస్తుంది గనుక, తరంగం మలుపు తిరిగిన ప్రతిసారీ అంచు రంగు మారేలా ప్రోగ్రాం రాశారు. పైసా ఖర్చు లేకుండా, వాల్యూమ్ సరిపోయిందో లేదో చూపించే కొలమానం అలా దొరికింది. చారలు నిలకడగా సాగితే అంతా సవ్యంగా ఉన్నట్టు. 48 కిలోబైట్లు నిండడానికి దాదాపు 5 నిమిషాలు పట్టేది. చివరి నిమిషంలో ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ అని వస్తే క్యాసెట్‌ను వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టవలసిందే.

ఇక గోడ రంగు సంగతి. స్పెక్ట్రమ్ తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192, మొత్తం 49,152 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకు ఎనిమిది రంగుల్లో ఏదో ఒకటి స్వతంత్రంగా ఇవ్వాలంటే 3 బిట్లు చొప్పున (8 బిట్లు ఒక బైటు) 18,432 బైట్లు కావాలి. చిన్న రకం యంత్రంలో ఉన్న మొత్తం మెమరీయే 16,384 బైట్లు! అందుకని చుక్క వెలిగిందా లేదా అన్నంతవరకే 6,144 బైట్లలో దాచి, తెరను ఎనిమిదేసి చుక్కల చదరపు గళ్లుగా విభజించి, 768 గళ్లకు గడికొక బైటు చొప్పున రంగులు కేటాయించారు. దాంతో తెర మొత్తం 6,912 బైట్లలో ఇమిడిపోయింది. కానీ ఒక గడిలో రెండు రంగులకు మించి చోటు లేదు. మీ మనిషి బొమ్మ గోడ ఉన్న గడిలోకి అడుగుపెట్టినప్పుడు మూడో రంగు దొరక్క ఒకరి రంగు మరొకరికి అంటుకునేది. ఆటలు రాసే కుర్రాళ్లు కొందరు దారులన్నీ గళ్ల కొలతకే గీసుకునేవారు; మరికొందరు ఆట జరిగే స్థలమంతా ఒకే రంగులో ఉంచేసి ఈ చిక్కు తప్పించుకునేవారు.

ఈ నిర్ణయాలన్నిటినీ సింక్లెయిర్ ఒక్కరి పేరు మీద రాసెయ్యడం నాకు అన్యాయంగా తోస్తుంది. ధర దగ్గర ఆయన చూపిన పట్టుదల లేకపోతే ఆ యంత్రమే లేదన్నది నిజం. అయితే సర్క్యూట్లు రూపొందించింది రిచర్డ్ ఆల్ట్‌వాసర్, దానిలోని బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను సిద్ధం చేసింది స్టీవ్ వికర్స్, 40 రబ్బరు మీటల ఆ నల్లని రూపాన్ని దిద్దింది రిక్ డికిన్సన్. స్పెక్ట్రమ్ పని ముగిశాక ఆల్ట్‌వాసర్, వికర్స్ ఇద్దరూ బయటికి వెళ్లి, బేసిక్‌కు బదులు ఫోర్త్ అనే భాషతో నడిచే జూపిటర్ ఏస్ అనే సొంత కంప్యూటర్‌ను తెచ్చారు. అది అంతగా అమ్ముడుపోలేదు.

ప్రశ్న: ఇంటి కంప్యూటర్‌ను మొదట తెచ్చింది సింక్లెయిరా, ఆపిల్ సంస్థ స్టీవ్ వోజ్నియాకా? మా ఇంట్లో ఈ వాదన తెగడం లేదు. (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: వరుసలో అమెరికాయే ముందు. ఆల్బుకర్కీలో ఎడ్ రాబర్ట్స్ నడిపిన ఎంఐటీఎస్ సంస్థ 1975లో ఆల్టెయిర్ 8800 తెచ్చింది; కాకపోతే దానికి కీబోర్డూ తెరా లేవు, ముందువైపు స్విచ్‌లు, దీపాలు మాత్రమే ఉండేవి. పెట్టె విప్పగానే వాడుకోగల యంత్రాలు 1977లో మూడు వచ్చాయి: వోజ్నియాక్ రూపొందించిన ఆపిల్ 2, కమడోర్ పెట్, టీఆర్‌ఎస్-80. ఆపిల్ 2 ప్రారంభ ధర 1,298 డాలర్లు. సింక్లెయిర్ 1980లో తెచ్చిన జెడ్‌ఎక్స్80 ధర 99.95 పౌన్లు, విడిభాగాలు కొని మనమే అతుక్కుంటే 79.95. మెమరీ ఒకే ఒక్క కిలోబైటు. తెర మీద బొమ్మ గీసే పని కూడా ప్రాసెసర్‌దే కావడంతో, మీట నొక్కిన ప్రతిసారీ తెర ఒక్క క్షణం ఆరి వెలిగేది. మరుసటి ఏడాది జెడ్‌ఎక్స్81లో 21 చిప్‌ల పనిని నాలుగు చిప్‌లకు కుదించి ధరను 69.95 పౌన్లకు దించారు. కనుక మొదటిది ఎవరిదంటే నా ఓటు అమెరికాకే. జీతం డబ్బులతో కొనగలిగేలా చేసింది ఎవరంటే సింక్లెయిర్‌కే. ఈ వాదనల్లో ఎప్పుడూ వినపడని పేరు ఒకటి ఉంది, చక్ పెడిల్. ప్రాసెసర్లు వందల డాలర్లు పలుకుతున్న 1975లో ఆయన బృందం 6502 చిప్‌ను 25 డాలర్లకే అమ్మకానికి పెట్టింది. ఆపిల్ 2, పెట్, తర్వాతి కాలపు బీబీసీ మైక్రో అన్నీ ఆ చిప్ మీదే నడిచాయి.

ప్రశ్న: 1980లలో నేను పనిచేసిన పాఠశాలకు ఎర్ర మీటల వరుస ఉన్న ‘బీబీసీ’ కంప్యూటర్లు వచ్చాయి. వార్తలు చెప్పే సంస్థ కంప్యూటర్లు తయారుచేయడం ఏమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు. (విశ్రాంత ఉపాధ్యాయుడు, హైదరాబాద్)

జవాబు: మాస్టారూ, బీబీసీ వాటిని తయారుచేయలేదు, చేయించింది. ప్రజలకు కంప్యూటర్ నేర్పడానికి ఒక టీవీ పాఠ్యక్రమం తలపెట్టి, దానికి తోడుగా తన పేరు మీద ఒక కంప్యూటర్ ఉండాలని ఆ సంస్థ కోరుకుంది. ఆ అవకాశం కోసం సింక్లెయిర్ కూడా ప్రయత్నించారు. దక్కించుకున్నది మాత్రం కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ సంస్థ. దాని స్థాపకుల్లో ఒకరైన క్రిస్ కర్రీ అంతకుముందు సింక్లెయిర్ దగ్గరే పనిచేసినవారు. బీబీసీ బృందం చూడటానికి వచ్చేలోగా నమూనా సిద్ధం కావాలి. చేతిలో ఉన్నది వారం లోపే. ఏకార్న్ మరో స్థాపకుడు హెర్మన్ హౌజర్, పని సాధ్యమేనని ఇంజనీరు స్టీవ్ ఫర్బర్ అన్నట్టు మరో ఇంజనీరు సోఫీ విల్సన్‌కూ, విల్సన్ అన్నట్టు ఫర్బర్‌కూ విడివిడిగా చెప్పి ఇద్దరినీ ఒప్పించారు. ఆ వారంలోనే నమూనా నడిచింది. కంప్యూటర్ 1981 డిసెంబరులో అమ్మకానికి వచ్చింది. 12,000 అమ్ముడుపోవచ్చని బీబీసీ అంచనా వేయగా, చివరికి పది లక్షలు దాటాయి.

మన దేశానికి అవి రావడానికి కారణం, పాఠశాలల్లో కంప్యూటర్ పరిచయం కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం. మొహాలీలోని ప్రభుత్వ రంగ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ వాటిని ‘ఎస్‌సీఎల్ యూనికార్న్’ పేరుతో ఇక్కడే తయారుచేసింది కూడా. మీరు పిల్లలకు నేర్పిన బీబీసీ బేసిక్‌ను రాసింది సోఫీ విల్సనే. పెద్ద ప్రోగ్రామును పేర్లు పెట్టిన చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి రాసే వీలు ఆనాటి చౌక కంప్యూటర్లలో అరుదు. అది దీనిలో ఉంది. పాఠాలు చెప్పడానికి స్పెక్ట్రమ్ కంటే ఇదే ఎంతో మేలైన యంత్రమని నా దృఢమైన అభిప్రాయం. దీని ధర స్పెక్ట్రమ్‌కు దాదాపు రెట్టింపన్నది వేరే సంగతి.

ఇంకొక్క విషయం మీతో చెప్పుకోవాలి. విల్సన్ ఒక కొత్త ప్రాసెసర్‌కు ఆదేశాల పట్టికను రూపొందించి, అది సరిగ్గా పనిచేస్తుందో లేదో బీబీసీ మైక్రో మీద, అదే బేసిక్‌లో రాసిన ప్రోగ్రాముతో పరీక్షించారు. ఫర్బర్ ఆ ఆదేశాలకు తగ్గ చిప్‌ను గీశారు. 1985 ఏప్రిల్ 26న తొలి చిప్ చేతికందిన రోజే పనిచేసింది. దాని పేరు ఆర్మ్. ఆ వంశానికి చెందిన ప్రాసెసర్ లేని స్మార్ట్‌ఫోన్ ఇవాళ వెతికినా దొరకడం కష్టం. మీ విద్యార్థులు నేర్చుకున్న ఆ బేసిక్‌లోనే ఇంత పని జరిగిందని గుర్తొచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న: అటక మీద పాత ‘డీబీ స్పెక్ట్రమ్ ప్లస్’ ఒకటి, మా తమ్ముడి క్యాసెట్లు కొన్ని దొరికాయి. కరెంటు ఇచ్చి చూడవచ్చా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: తొందరపడకండి. పుణెలోని డెసిబెల్స్ సంస్థ లైసెన్సు మీద మన దేశంలో తయారుచేసిన యంత్రం అది. స్పెక్ట్రమ్‌కు 9 వోల్టుల అడాప్టర్ కావాలి. దాని పిన్ను మధ్యభాగం నెగటివ్. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువభాగం దీనికి తలకిందులుగా ఉంటాయి కాబట్టి, సరిపోయింది కదా అని దొరికినది గుచ్చితే లోపలి భాగాలు కాలిపోతాయి. ముందుగా ఎలక్ట్రానిక్స్ తెలిసినవారి చేత పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మార్పించండి. మీటల కింది పలుచని ప్లాస్టిక్ పొర ఎండి విరిగిపోయి ఉండవచ్చు. కొత్త పొరలు ఇప్పటికీ తయారుచేసి అమ్ముతున్నారు. ఈలోగా పిల్లలకు చూపించాలనుకుంటే ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్‌ను (ఇప్పటి కంప్యూటర్‌ను పాత స్పెక్ట్రమ్‌లా పనిచేయించే ప్రోగ్రాం) ఉచితంగా మీ ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చు.

క్యాసెట్ల విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. పనిచేసే టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి, ఎలాంటి శబ్ద శుద్ధీ చేయకుండా, ఎంపీ3గా కుదించకుండా, వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఆ ఫైలును ఎమ్యులేటర్ చదవగలదు. అచ్చయిన ఆటల క్యాసెట్లలో చాలావాటిని అభిమానులు ఇప్పటికే భద్రపరిచారు. మీ తమ్ముడు సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములు ఆ టేపుల్లో తప్ప ఇంకెక్కడా ఉండవు గనుక, పెన్నుతో పేరు రాసి ఉన్న క్యాసెట్ల నుంచే మొదలుపెట్టండి.