టెక్ సందేహాలు: లైనక్స్‌లో బయటి రిపాజిటరీలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క విషయం చుట్టే తిరిగాయి: ఉబుంటు, మింట్‌లలో అధికారిక రిపాజిటరీలు (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దించుకునే నిల్వలు) చాలక బయటివాళ్లవి చేర్చుకోవడం. లాంచ్‌ప్యాడ్ అనే సైటులో ఎవరైనా సొంతంగా నడిపే రిపాజిటరీని పీపీఏ అంటారు. ఆదేశాలను ఇక్కడ తెలుగులో రాసినా టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ప్రశ్న: ఉబుంటు 24.04 వాడుతున్న. స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కోసం ఒక పీపీఏ చేర్చి, దాంట్లకెళ్లి ఒక్కటే ప్యాకేజీ తీసుకున్న. ఇప్పుడు అప్‌గ్రేడ్ కొడితే నేను అడగని 14 ప్యాకేజీలు మారుతయంటున్నది. వై కొట్టాల్నా సార్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హన్మకొండ

ఇప్పటికి ఎన్ కొట్టి ఆపండి. మీరు ఒక్క సాఫ్ట్‌వేర్ కోసమే పీపీఏ చేర్చారన్న సంగతి, ప్యాకేజీలు ఎక్కించే టూల్ ఆప్ట్‌కు తెలియదు. చేర్చిన ప్రతి రిపాజిటరీకీ అది మామూలుగా 500 ప్రాధాన్యం ఇస్తుంది. ఉబుంటు సొంత రిపాజిటరీలకూ అదే 500. ఒకే పేరున్న ప్యాకేజీ రెండుచోట్లా ఉంటే పెద్ద వెర్షన్ నంబరున్నదే గెలుస్తుంది. పీపీఏ నడిపే మనిషి తన ప్రోగ్రాం కోసం వీడియో లైబ్రరీలను కూడా కొత్తగా కట్టి అందులో పెట్టి ఉంటే, మీ వీడియో ప్లేయర్ ఆధారపడ్డ లైబ్రరీలు కూడా ఆయన చేతికే పోతాయి.

బయటి రిపాజిటరీ చేర్చడమంటే దుకాణానికి పోయి ఒక వస్తువు తెచ్చుకోవడం కాదు, పాలకు వాడిక పెట్టుకోవడం. వద్దనేదాకా పోస్తూనే ఉంటారు. పైగా ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దానిలోని స్క్రిప్టులు రూట్ అధికారంతో, అంటే సిస్టమ్‌లో ఏదైనా మార్చగల అధికారంతో నడుస్తాయి. డిజిటల్ సంతకం సరిపోయిందంటే పంపింది ఆ మనిషేననీ, దారిలో ఎవరూ ఏమీ కలపలేదనీ మాత్రమే అర్థం. పంపిన సరుకు మంచిదా కాదా అన్నది సంతకం చెప్పదు. లాంచ్‌ప్యాడ్‌లో ఖాతా ఉన్న ఎవరైనా పీపీఏ తెరవొచ్చు. లోపల ఏముందో ఉబుంటు తయారుచేసే కెనానికల్ సంస్థ పరిశీలించి ముద్ర వేయదు. అందుకే ముందు చూడాల్సింది ఆ పీపీఏ ఎవరిదన్నది: సాఫ్ట్‌వేర్ తయారుచేసే జట్టు సొంతంగా నడుపుతున్నదా, లేక దారిన పోయేవాళ్లు ఎవరో కట్టి పెట్టినదా. సాఫ్ట్‌వేర్ అసలు వెబ్‌సైట్‌లో ఆ పీపీఏ పేరు ఉంటే మొదటి రకం. స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియోకు అలా సొంత పీపీఏ ఉంది.

ఇప్పుడు ఆ 14 ఎక్కడివో చూడండి. 'ఆప్ట్ పాలసీ' అని కొట్టి పక్కన ఒక ప్యాకేజీ పేరు రాయండి. ఇన్‌స్టాల్డ్ అన్నచోట ఇప్పుడున్న వెర్షన్, క్యాండిడేట్ అన్నచోట రాబోయే వెర్షన్ కనిపిస్తాయి. కింద పట్టికలో మూడు నక్షత్రాల గుర్తున్నది మీ దగ్గరున్న వెర్షన్. క్యాండిడేట్ వెర్షన్ కింద చిరునామాలో లాంచ్‌ప్యాడ్ పేరుంటే అది పీపీఏ నుంచి వస్తున్నట్టు, ఉబుంటు ఆర్కైవ్ పేరుంటే మామూలు అప్‌డేటే.

పీపీఏను కట్టడి చేయడానికి ఈటీసీ, ఆప్ట్, ప్రిఫరెన్సెస్ డాట్ డి ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు చాలు. అందులో మూడు పంక్తులు. మొదటిది ప్యాకేజ్, కోలన్, నక్షత్రం. రెండోది పిన్, కోలన్, రిలీజ్, ఆ తర్వాత 'ఓ' అనే ఇంగ్లిష్ అక్షరం, ఈక్వల్ టు గుర్తు, పీపీఏ మూలం పేరు. ఈ పేరు ఎల్‌పీ-పీపీఏ అని మొదలవుతుంది, ప్యాకేజీ పేరేదీ ఇవ్వకుండా 'ఆప్ట్ పాలసీ' కొడితే కనిపిస్తుంది, అక్కడున్నది ఉన్నట్టే రాసుకోవాలి. మూడోది పిన్-ప్రయారిటీ, కోలన్, 100. ఒక ఖాళీ పంక్తి వదిలి, అవే మూడు పంక్తులు మళ్లీ రాయండి. ఈసారి నక్షత్రం బదులు మీకు కావలసిన ప్యాకేజీ పేరు, 100 బదులు 500. నిర్దిష్టంగా పేరు రాసిన నియమం నక్షత్రం రాసినదాని కంటే పైన నిలుస్తుంది. దీని తర్వాత 'అన్‌మెట్ డిపెండెన్సీస్' అని వస్తే, ఆ ప్రోగ్రాంకు పీపీఏలోని ఏదో లైబ్రరీ నిజంగానే అవసరమని అర్థం. ఆ లైబ్రరీ పేరు కూడా రెండో నియమంలో, ప్యాకేజీ పేరు పక్కన ఖాళీ వదిలి చేర్చండి.

వదిలించుకునే దారి కూడా ముందే తెలిసి ఉండాలి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్‌లో టిక్కు తీసేస్తే రిపాజిటరీ పోతుంది గానీ దాన్నుంచి వచ్చిన ప్యాకేజీలు అక్కడే ఉంటాయి. ఉబుంటు వెర్షన్ కంటే వాటి నంబరు పెద్దది కాబట్టి ఉబుంటు ఇచ్చే సెక్యూరిటీ సవరణ వాటి దాకా రాదు. ఇవ్వాల్సిన పీపీఏనేమో మీరే తీసేశారు. నెలల తరబడి అలా అనాథగా పడి ఉంటాయి. కాబట్టి పీపీఏ ఇంకా చేర్చి ఉండగానే, 'పీపీఏ-పర్జ్' ఇన్‌స్టాల్ చేసుకుని సుడోతో (రూట్ అధికారంతో) నడపండి. అది పీపీఏను ఆపి, ప్యాకేజీలను ఉబుంటు వెర్షన్‌కు వెనక్కి దించుతుంది. ముందే తీసేసి ఉంటే దానికి ప్యాకేజీల జాబితా దొరకదు, మళ్లీ చేర్చి అప్‌డేట్ కొట్టాకే నడపాలి.

ఇంకోమాట. కొత్త వెర్షన్‌లో మీకు కావలసిన సదుపాయం ఏదో పేరు పెట్టి చెప్పగలిగితేనే బయటికి పోండి. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టారు. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం చూసి ఆయన తవ్వితే అది దొరికింది. ఉబుంటుకు మూలమైన డెబియన్ లైనక్స్ స్థిర రూపం 'స్టేబుల్'లో పాత వెర్షనే ఉండటంతో దాన్ని వాడేవాళ్లకు దెబ్బ తగల్లేదు. మీ అవసరానికి, ఫ్లాట్‌ప్యాక్ రకం ప్యాకేజీలు దొరికే ఫ్లాట్‌హబ్‌లో ఓబీఎస్ ఉంది. ఫ్లాట్‌ప్యాక్ తన లైబ్రరీలు తాను తెచ్చుకుంటుంది, సిస్టమ్ లైబ్రరీల జోలికి రాదు. మొదటిసారి డౌన్‌లోడ్ వందల ఎంబీలు ఉంటుంది, మొబైల్ హాట్‌స్పాట్ మీద పెట్టకండి.

ప్రశ్న: మింట్ 22లో ఒక సంస్థ వెబ్‌సైట్ చెప్పినట్టే రిపాజిటరీ చేర్చిన. అప్‌డేట్ చేస్తే రిలీజ్ ఫైల్ లేదని వస్తున్నది.
– మంచిర్యాల

ఆ సూచనల్లో మీ సిస్టమ్ కోడ్‌నేమ్‌ను దానంతటదే నింపే ముక్క ఒకటి ఉండి ఉంటుంది. అది మింట్ పేరు 'విల్మా'ను నింపింది. ఆ సంస్థ సర్వర్‌లో ఉన్నది ఉబుంటు పేర్లే. మింట్ 22 కింద ఉన్నది ఉబుంటు 24.04, దాని పేరు 'నోబుల్'. ఈటీసీ, ఆప్ట్, సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డి ఫోల్డర్‌లో ఆ ఫైలు తెరిచి విల్మా ఉన్నచోట నోబుల్ రాయండి. మింట్ వెర్షన్ వేరైతే, ఈటీసీలోని ఓఎస్-రిలీజ్ ఫైలులో ఉబుంటు కోడ్‌నేమ్ అన్న వరుస చూడండి, పేరు అక్కడే ఉంటుంది. ఆ సర్వర్‌లో నోబుల్ లేకపోతే పాత జామీ (ఉబుంటు 22.04) పేరు మాత్రం పెట్టకండి. జామీ కోసం కట్టిన ప్యాకేజీ పైథాన్ 3.10 అడిగితే మీ దగ్గరుండేది 3.12.

ప్రశ్న: ఉబుంటు 22.04లో డెడ్‌స్నేక్స్ పీపీఏ నుంచి పైథాన్ 3.13 పెట్టి, పైథాన్3 అంటే అదే తెరుచుకునేట్టు అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో మార్చిన. అప్పటి నుంచి టెర్మినలే తెరుచుకుంటలేదు.
– ఎంసీఏ విద్యార్థిని, కాజీపేట

ఇందులో పీపీఏ తప్పేం లేదు. డెడ్‌స్నేక్స్ 3.13ను పాతదాని పక్కన పెడుతుందే తప్ప దాన్ని తీసేయదు. మీరు పైథాన్3 లింకు మార్చడంతో వచ్చింది చిక్కు. ఉబుంటులో టెర్మినల్‌ను తెరిచేది ఒక పైథాన్ స్క్రిప్టు. దానికి కావలసిన జీఐ మాడ్యూల్ 3.10 కోసమే కంపైల్ అయి ఉంది, 3.13 దాన్ని ఎక్కించుకోలేదు. ఇదే కారణానికి రిపాజిటరీలు చేర్చే యాడ్-ఆప్ట్-రిపాజిటరీ ఆదేశం కూడా ఆప్ట్_పీకేజీ అనే మాడ్యూల్ దొరకలేదంటుంది.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్ల తెర వస్తుంది, అందులో లాగిన్ అవ్వండి. 'సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పైథాన్3' కొట్టండి. దాంతో యూఎస్ఆర్, బిన్‌లో పైథాన్3 లింకు పూర్తిగా పోతుంది, కాబట్టి అక్కడ ఆపకుండా వెంటనే 'సుడో ఎల్ఎన్ -ఎస్ పైథాన్3.10' అని, పక్కన ఆ లింకు పూర్తి దారి ఇచ్చి మళ్లీ కట్టండి. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2తో మీ తెరకు రండి. 3.13 కావాలంటే పైథాన్3.13-వీఎన్వ్ ప్యాకేజీ పెట్టుకుని, 'పైథాన్3.13 -ఎం వీఎన్వ్' అని పక్కన ఫోల్డర్ పేరిచ్చి ప్రాజెక్టుకో విడి పైథాన్ వాతావరణం కట్టుకోండి. సిస్టమ్ పైథాన్‌ను మాత్రం ముట్టకండి.

ప్రశ్న: అప్‌డేట్ చేసిన ప్రతిసారీ 'నో పబ్‌కీ' అని వస్తున్నది. రిపాజిటరీ వరుసలో 'ట్రస్టెడ్ ఈక్వల్ టు యెస్' రాస్తే పోతదన్నరు.
– జగిత్యాల

రాయకండి. 'నో పబ్‌కీ' అంటే రిపాజిటరీ సంతకాన్ని సరిచూసే కీ మీ దగ్గర లేదని. 'ట్రస్టెడ్' రాస్తే అది సంతకం పరీక్షనే ఎత్తేస్తుంది. ఆ రిపాజిటరీ నడిపేవాళ్ల అసలు సైటు నుంచి కీ దించుకుని ఈటీసీ, ఆప్ట్, కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టండి. రిపాజిటరీ వరుసలో 'సైన్డ్-బై' అని ఆ ఫైలు దారి ఇవ్వండి. పాత పద్ధతిలో ఆప్ట్-కీతో చేర్చిన కీ మీ సిస్టమ్‌లోని రిపాజిటరీలన్నిటికీ చెల్లుతుంది, అందుకే దాన్ని పక్కన పెట్టేశారు. సైన్డ్-బైతో పెట్టిన కీ ఆ ఒక్కదానికే.

ప్రశ్న: డీటీపీ సెంటర్‌లో ఉబుంటు పెట్టినం. తెలుగు ఫాంట్ల కోసం ఏ రిపాజిటరీ చేర్చాలె?
– కరీంనగర్

ఏదీ అక్కర్లేదు. 'ఫాంట్స్-తెలు' అన్న ప్యాకేజీ ఉబుంటులోనే ఉంది. వేరే యూనికోడ్ ఫాంట్లు మీ దగ్గర టీటీఎఫ్ ఫైళ్లుగా ఉంటే, హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే బయటపడే డాట్ లోకల్‌లో, షేర్ లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్ చేసి అందులో వేయండి. 'ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్' కొట్టి, లిబ్రెఆఫీస్ మూసి తెరిస్తే జాబితాలో కనిపిస్తాయి.