మనిషికి అంకె వేసే యంత్రం: అనిమే, టీవీ చూపిన కృత్రిమ మేధ

అనిమేలోనూ (జపాన్ యానిమేషన్‌లోనూ), పాశ్చాత్య టీవీ సైన్స్ ఫిక్షన్‌లోనూ కృత్రిమ మేధను చూపే తీరులో తేడా ఏమిటి, వాటిలో ఏది మన జీవితానికి దగ్గరగా ఉంది అని మీరు అడిగారు. నేను బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగుల ఎంపిక చూస్తుంటాను కనుక, రెండో ప్రశ్నకు నా పనిలోంచే జవాబు దొరికింది.

తేడా సంగతి ముందు చెబుతాను. జపాన్‌లో ఈ కథ ఇంట్లో మొదలైంది. ఒసాము తెజుకా 1952లో బొమ్మల కథగా ప్రారంభించి, 1963లో టీవీకి తెచ్చిన 'ఆస్ట్రో బాయ్'లో డాక్టర్ టెన్మా చనిపోయిన కొడుకు పోలికలతో ఒక రోబోను తయారుచేసి, ఆ పిల్లవాడు ఎదగడం లేదని తెలిశాక సర్కస్‌కు అమ్మేస్తాడు. అక్కడ దోషి కన్నతండ్రి స్థానంలో ఉన్న మనిషే. అమెరికన్ టీవీ ఇదే విషయాన్ని న్యాయ విచారణకు ఎక్కించింది. 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'లో 1989లో ప్రసారమైన 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' అనే భాగంలో, డేటా అనే ఆండ్రాయిడ్‌ను, అంటే మనిషి రూపంలో ఉన్న రోబోను, విడదీసి పరిశీలిస్తానని ఒక శాస్త్రవేత్త పట్టుబడతాడు; ఒప్పుకోకపోవడానికి డేటాకు హక్కుందా, లేక అతడు కేవలం ఆస్తేనా అన్నది తేలాలి. స్నేహితుడైన రైకర్ విధిలేక ఎదుటి పక్షాన వాదిస్తూ, అందరి ముందూ డేటా చేయి ఊడదీసి, మీట నొక్కి అతణ్ణి ఆపేస్తాడు. గెలవడానికి పనికొచ్చే వాదన అదేనని తెలిసీ రైకర్ ముఖంలో కనిపించే బాధ కోసమైనా ఆ భాగం చూడాలి.

అయితే ఈ రెండూ యంత్రానికి మనం ఏం బాకీ పడ్డామో అడిగే కథలు. మన దాకా వచ్చిన ప్రశ్న వేరు, దాన్ని 2012లో వచ్చిన 'సైకో-పాస్' అనే అనిమే సూటిగా పట్టుకుంది. అందులో సిబిల్ అనే వ్యవస్థ ప్రతి మనిషి మనఃస్థితినీ కొలిచి, నేరం చేసే అవకాశానికి ఒక అంకె వేస్తుంది. ఎవరు ఏ ఉద్యోగానికి పనికొస్తారో కూడా అదే తేలుస్తుంది. పోలీసుల తుపాకీ ఎదుటి మనిషి అంకె 100 దాటితేనే పేలి స్పృహ తప్పిస్తుంది, 300 దాటితే ప్రాణం తీస్తుంది. మొదటి భాగంలోనే, ఒక దుండగుడి చేతిలో చిత్రహింస పడ్డ స్త్రీ అంకె ఆ భయంతోనే పెరిగిపోయి, తుపాకీ ఆమెను చంపడానికి సిద్ధమవుతుంది. ఆ రోజే పోలీసు ఉద్యోగంలో చేరిన అకానె అనే అమ్మాయి తన సహచరుడినే కాల్చి ఆపి, ఆమెతో మాట్లాడుతుంది. మాట్లాడుతుండగా అంకె తగ్గుతుంది. ఆ దృశ్యం దగ్గర నేను ఆపి మళ్లీ చూశాను, ఎందుకంటే బాధితురాలి గురించి యంత్రం అబద్ధం చెప్పలేదు. ఆ అంకె ఎందుకు పెరిగిందో అడగడానికి అక్కడ ఇంకెవరికీ తోచలేదు, అంతే.

మా దగ్గర దరఖాస్తులకు మార్కులు వేసే సాఫ్ట్‌వేర్ ఉంది. హిందూపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి దరఖాస్తు, మధ్యలో ఉద్యోగం లేని కాలం ఉన్నందుకు అడుగున పడింది. "స్కోరు తక్కువుంది అక్కా, వదిలేద్దాం" అన్నాడు మా జట్టులోని కుర్రాడు. అతడు చెడ్డవాడు కాడు. రోజుకు వందల దరఖాస్తులు చూడాల్సిన చోట అంకె ఉంటే ఆలోచించే శ్రమ తగ్గుతుంది. నేను ఫోన్ చేస్తే, తల్లికి డయాలసిస్ చేయించడానికి ఊరికి వెళ్లానని ఆ అమ్మాయి చెప్పింది. ఆ మాట రాయడానికి మా ఫారంలో గడే లేదు. ఇంటర్వ్యూకు పిలిచాం, ఎంపికైంది. ఫారంలో గడి మాత్రం నేను రెండుసార్లు అడిగినా ఇంకా రాలేదు.

అందుకే 'సైకో-పాస్' మనకు అన్నిటికంటే దగ్గరని నా అభిప్రాయం. అందులో జనం సిబిల్‌ను చూసి భయపడరు, హాయిగా నమ్ముతారు. యంత్రాలు తిరగబడే కథల్లో లేని నిజం అదే. మీరు చూడదలిస్తే మొదటి సీజన్ 22 భాగాలూ వరుసగా చూడండి. హింస చాలా ఎక్కువ కనుక పిల్లలతో కలిసి చూడకండి. సిబిల్ లోపల ఏముందో ముందే చదివేయకండి, ఆ రహస్యం తెలిశాక అకానె తీసుకునే నిర్ణయంతో నేను ఇప్పటికీ ఏకీభవించలేకపోతున్నాను; చూశాక మీ మాట రాస్తే చర్చించుకుందాం.